మీదేం తుడవాల?

పోయిన మంగళవారం పొద్దున వంజరం ముక్కలకు పసుపూ ఉప్పూ పట్టిస్తా ఉంటే, మా కోడలు ఫోన్ పట్టుకొని వంటింట్లోకి వచ్చింది.

"అత్తా, ప్రకటనల కంపెనీవాళ్ళు మళ్ళీ రాసినారు. రూల్సు మారినాయంట. మన సైటు కింద పెట్టిన కాగితం మార్చి రాయకపోతే ప్రకటనలు ఆపేస్తారంట."

"దానికేముంది, ఆ కాగితం రాసిచ్చిన అన్నకు ఫోన్ కలుపు" అన్నాను.

నా చేతులు చేప నీచుతో ఉండాయని కోడలే ఫోన్ నా చెవి కాడ పెట్టింది. రెండుసార్లు మోగిందో లేదో ఎత్తినారు.

"చెప్పండి. మీదేం తుడవాల?"

ఆ మాట అన్న ఎప్పుడూ అనేదే. గొంతు మాత్రం అన్నది కాదు. ఎవరో ఆడమనిషి. ఒక మనిషి చొక్కా ఇంకొకరు వేసుకొని ఎదురొస్తే ఎట్టుంటుందో అట్టనిపించింది నాకు.

"అన్న లేడామ్మా?"

"లేడక్కా. పోయినాడు. పన్నెండు రోజులయింది. గుండెలో నొప్పి అంటే కారులో నెల్లూరికి తీసకపోతా ఉండాం. మనుబోలు దాటినాక ఇంక పలకలేదు. ఈ ఆదివారం ఇంట్లో ఆదరణ కూడిక పెట్టుకున్నాం, పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తారు. మీరు రాండి."

ఫోన్ పెట్టేసినాక కూడా నేను అట్టనే నిలబడుకొని ఉండాను. పిల్లి వచ్చి ఒక ముక్క నోట కరుచుకొని పోతే చూస్తా ఉండాను గానీ అదిలించలేదు. పన్నెండు రోజులు. నాకు కబురే లేదు. ఆ అమ్మాయి నన్ను "అక్కా" అని ఎందుకనిందో, నేను పేరు చెప్పకుండానే నా గొంతు ఎట్టా గుర్తుపట్టిందో ఆ నిమిషాన నాకు తట్టనేలేదు.

ఆ మనిషిని గురించి నేను చెప్పి తీరాల. ఎందుకంటే నేను నోటితో చేసిన ఒక తప్పుకు ఒక ఆడపిల్ల బతుకు చిక్కులో పడింది. దాన్ని విడదీసింది ఆయన. అది జరిగి మూడేళ్ళు. ఇన్నాళ్ళూ ఆ పిల్ల ఏమైందో తెలియక, అడిగితే ఆయన చెప్పక, నాలో నేనే ఉడికినాను.

కోట అనే ఊళ్ళో బస్టాండు పక్క సందులో ఆయన అంగడి. ముందర జిరాక్సు మిషను, ఒక కంప్యూటరు, రెండు స్టూళ్ళు. వెనక పూల తెర. ఆ తెర వెనక ఇల్లు. ఇంట్లోనించి కుట్టు మిషన్ల చప్పుడు ఎప్పుడూ వినపడతా ఉండేది. ఆయనకు అరవై దాటుంటాయి. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. కీబోర్డు మీద కర్చీపు పరిచి పెట్టేవాడు, పని ఉన్నప్పుడే తీసేవాడు. గిన్నె మీద మూత తీసినట్టు తీసి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకునేవాడు.

ఒకప్పుడు తాలూకాఫీసు ముందర చెట్టు కింద అర్జీలు రాసేవాడంట. వేలిముద్రవాళ్ళకు రాసింది రాసినట్టు చదివి వినిపించి, వాళ్ళు అవునంటేనే ముద్ర వేయించేవాడంట. అర్జీలు పోయినాయి, అంతా కంప్యూటరు అయింది. కానీ ఆ అలవాటు పోలేదు.

నేను ఆయన దగ్గరికి మొదట పోయింది సైటు పని మీదే. మాది చేపల వేటకు పోయే ఇల్లు. నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని. చదువు లేకపోయినా, ఒకసారి చెవిన పడ్డ మాట నన్ను వదిలి పోదు. మా అవ్వ ఏ చేపకు ఏ పులుపు పోసేది, ఏ తుఫాను రోజు ఏం వండింది, ఎవరితో ఏం మాటన్నది, అన్నీ చెప్తా ఉంటాను. మా కోడలు వాటిని ఫోనులో ఎక్కించి ఒక సైటు పెట్టింది. జనం చదువుతున్నారు. ప్రకటనలు పెట్టుకుందామని కంపెనీకి రాస్తే, మీ సైటుకు ప్రైవసీ పాలసీ లేదు, కుదరదు అని తిప్పి పంపినారు.

"అదేందన్నా అది" అని అడిగినాను, స్టూలు మీద కూర్చొని.

"గడప కాగితం" అన్నాడు. అప్పటికే ఆయన దానికి ఆ పేరు పెట్టుకొని ఉండాడు. "ఇంట్లోకి వచ్చేవాడికి గడప కాడే చెప్పాలక్కా. లోపల నీ దగ్గర మేము ఏం తీసుకుంటాం, ఎవరికి ఇస్తాం, నువ్వు వద్దంటే ఏం చేస్తాం అని."

"నేనేం తీసుకుంటానన్నా వాళ్ళ దగ్గర? నేను పెట్టేదాన్నే గానీ తీసుకునేదాన్ని కాదు. పులుసు ఎట్ట కాయాల్నో చెప్తా ఉండా, అంతే."

"తీసుకుంటారక్కా."

"లేదన్నా."

"తీసుకుంటారు. మీకు తెలియదు, అంతే." లవంగం ఆ దవడ నించి ఈ దవడకు మార్చినాడు. "మీ అరుగు మీద ప్రకటనలోణ్ణి కూర్చోబెడతా ఉండారు గదా. వాడి దగ్గర ఒక సున్నం పిడత ఉంటాది. మీ ఇంటికి వచ్చినోళ్ళ చెప్పు అడుగున ఒక బొట్టు పెడతాడు. ఆ మనిషి ఇంకో అంగడికి పోతాడు, ఇంకో ఇంటికి పోతాడు. అక్కడ కూచున్నోడు బొట్టు చూసి, ఓహో ఈయన చేపల పులుసు ఇంటికాణ్ణించి వచ్చినాడు, మంచి గిన్నెలు చూపిద్దాం అనుకుంటాడు. దాన్ని కుకీ అంటారు."

మా ఇంటికి వచ్చినోళ్ళ చెప్పులకు, నేను లోపల అన్నం పెడతా ఉంటే బయట సున్నం. నేను కోడలి మొహం చూసినాను. కోడలు నేల చూసింది.

"తెలిసే పెడతా ఉండావా?"

"అందరూ పెడతారత్తా."

"అందరూ పెడతారు" అన్నాడాయన. "చెప్పి పెట్టండి. వాళ్ళు అడిగేది అదే. వద్దనుకునేవాడు ఆ బొట్టు ఎట్ట తుడుచుకోవాల్నో కూడా చెప్పాల. రాద్దాం రాండి."

ఊళ్ళో మిగతావాళ్ళు ఎవరి కాగితమో తెచ్చి అంటించేవాళ్ళు. రొయ్యల రేట్లు చెప్పే ఒకాయన సైటులో "మా గదుల్లో దిగిన అతిథుల వివరాలు" అని ఉండాదంట. ఏదో హోటలు కాగితం ఎత్తుకొచ్చి పెట్టుకున్నాడు. "రొయ్యలు ఏసీ గది అడిగినాయా, మామూలు గది అడిగినాయా?" అని ఆయన్నే అడిగినాడంట మా అన్న. ఆ మాట చెప్పి, నవ్వకుండా మన మొహంలోకి చూసేవాడు, మనం నవ్వేదాకా.

నా కాగితం రాయడానికి ఒక పూట పట్టింది. ఒక్కో వాక్యం పైకి చదవడం, ఆగడం, "ఇది నిజమేనా అక్కా?" అనడం. అవునంటేనే ముందుకు. చర్చిలో వాక్యం చదివే గొంతు ఆయనది. ఆ గొంతుతో కుకీల గురించి చదివితే, జిరాక్సుకు వచ్చినోళ్ళు కూడా తలకాయ వంచుకొని నిలబడేవాళ్ళు. "మీ వివరాలు మాకు ఎంతో ముఖ్యం" అని ఒకచోట ఉంటే మా కోడలికి నచ్చింది. ఆయన కొట్టేసినాడు. "అంత ముఖ్యమైతే వాళ్ళని అడక్కుండానే ఎందుకు తీసుకుంటాం పాపా?" అన్నాడు.

"వ్యాఖ్య రాసేవాళ్ళను పేరు తప్ప ఇంకేమీ అడగం. ఇది నిజమేనా?"

"నిజమే అన్నా."

"ఎవరైనా వాళ్ళు రాసింది తుడవమని అడిగితే మూడు రోజుల్లో తుడిచేస్తాం. ఇది నిజమేనా?"

"నిజమే."

ఆఖరున ఒక ఫోన్ నంబరు ఉండాల. నాది ఇవ్వనన్నాను. ఊరందరికీ ఆడమనిషి నంబరు ఎందుకని మా ఇంటాయన ఊరుకోడు. అన్న తన నంబరే పెట్టినాడు. నాకొక్కదానికే కాదు, ఇయ్యనన్న ప్రతివాళ్ళకూ అదే చేసేవాడని తర్వాత తెలిసింది. ఎక్కడెక్కడి సైట్ల మీదనో ఆయన నంబరే. ఫోన్ మోగితే హలో అనేవాడు కాదు. "చెప్పండి. మీదేం తుడవాల?" అనేవాడు. చుట్టాలు ఫోన్ చేసినా అదే మాట.

ఇంక నా తప్పు చెప్తాను.

మా పక్క ఎవరైనా కొత్తమనిషి పలకరిస్తే ముందుగా అడిగేది ఒకటే. ఏ ఊరు మీది, ఎవరి తాలూకా? అది అడక్కపోతే మర్యాద లేనట్టు. నీళ్ళ కాడ, బస్సులో, ఆస్పత్రి వరండాలో, ఎక్కడైనా అదే. సైటులో నా పులుసు కింద ఎవరు రెండు మంచి మాటలు రాసినా, నేను కోడలి చేత అదే రాయించేదాన్ని. "సంతోషమమ్మా. ఏ ఊరు నీది, ఎవరి తాలూకా?" వాళ్ళూ మనోళ్ళే గదా, మురిసిపోయి చెప్పేవాళ్ళు. ఒకామె మనుబోలు పక్కన, ఒకామె బుచ్చిరెడ్డిపాలెంలో వడ్ల మిల్లు ఎదురుగా. నాకు ఎంత సంబరమో. అన్నీ గుర్తు పెట్టుకునేదాన్ని.

ఒకరోజు మామిడికాయ వేసిన చేపల పులుసు కింద ఒక పిల్ల రాసింది. అచ్చం మా అమ్మ కాచినట్టే వచ్చిందక్కా, తింటా ఏడ్చినాను అని. నేను ఊరుకుంటానా? ఏ ఊరమ్మా, ఎవరి తాలూకా అన్నాను. పాపం, చెప్పింది. మాది పులికాట్ కాడ, చేపలు పట్టేవాళ్ళం, ఇప్పుడు మా పెద్దమ్మ దగ్గర ఉండా, కోటలో ఐసు ఫ్యాక్టరీ వెనక వీధి అని. పేరుతో సహా.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం, మూతికి తువ్వాలు చుట్టుకొని, మోపెడ్ మీద అన్న మా ఇంటి ముందర దిగినాడు. అట్టా ఎప్పుడూ రాలేదు. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు.

"అక్కా, మీ గడప కాగితంలో నాలుగో మాట ఏంది?"

నాకు కంఠతా వచ్చు. "వ్యాఖ్య రాసేవాళ్ళను పేరు తప్ప ఇంకేమీ అడగం."

ఫోను తీసి నా మొహానికి పెట్టినాడు. "మరి ఇదేంది?"

ఏ ఊరమ్మా నీది, ఎవరి తాలూకా.

"అది అడగడమా అన్నా? అది పలకరింపు."

"పలకరింపే. అందుకే ఆ పిల్ల చెప్పేసింది." ఆయన గొంతు పెరగలేదు. "ఇందాక ఒకడు ఫోన్ చేసినాడు. మీ పులుసు కింద రాసింది నా పెళ్ళాం, ఇల్లు విడిచి వచ్చేసింది, ఐసు ఫ్యాక్టరీ వెనక ఏ ఇల్లో చెప్పండి అన్నాడు. మధ్యలో ఇంకొకడి గొంతు వినపడింది, కత్తి కారులో పెట్టినావా అని. రాసినవాళ్ళు అడిగితే తుడుస్తాం, వేరేవాళ్ళకు చెప్పం అని పెట్టేసినా. వాడు బయల్దేరుంటాడు."

నేను ఒకరికి ఇంత అన్నం పెట్టినదాన్నే గానీ, ఒకరి ఇంటి దారి కత్తి పట్టినోడికి చూపించినదాన్ని కాదు, అంతవరకూ.

"ఈ ఊరి మాట ఇంకెవరికైనా చెప్పినారా?"

"చేపలమ్మే దిబ్బ కాడ ఇద్దరికి చెప్పినా. మన పులుసు తిని ఒక పిల్ల ఏడ్చిందంట అని."

"ఊరు చెప్పినారా?"

"చెప్పకుండా ఎట్ట చెప్తానన్నా?"

కోడలు ఆ పిల్ల రాసిన మాట ముందు తుడిచేసింది. తర్వాత ఆయన మిగతావన్నీ తుడవమన్నాడు. మనుబోలు పోయింది, వడ్ల మిల్లు పోయింది. నేను అడిగిన ప్రశ్నలన్నీ పోయినాయి. ఆయన మోపెడ్ ఎక్కబోయి ఆగినాడు.

"అక్కా, కంప్యూటర్లో తుడిచినాం. మీ తలకాయలో ఉండేది ఎట్ట తుడవాల?"

ఆ మాట గుచ్చుకుంది. నా జ్ఞాపకం చూసి అందరూ మెచ్చుకున్నవాళ్ళే, భయపడింది ఆయనొక్కడే.

ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి రెండే ముక్కలు చెప్పినాడు. "పోయింది. వాడికి దొరకలేదు."

"యాడికి పోయిందన్నా?"

"అడగొద్దు."

తర్వాత ఎన్నిసార్లు కోటకు పోయినానో. కూరగాయలకు పోయినా, మందులకు పోయినా, ఆ అంగడిలో ఒక స్టూలు మీద కాసేపు కూర్చోకుండా రాలేదు. నేను నోరు తెరవకముందే అనేవాడు, "అడగొద్దక్కా." అని తెరవైపు తిరిగి, "టీ" అనేవాడు. లోపల్నించి గాజుల చెయ్యి ఒకటి తెర పక్కకు తీసి రెండు గ్లాసులు పెట్టేది. అల్లం దంచి వేసిన టీ. "వదినా, టీ బాగుండాది" అని నేను తెరతో అనేదాన్ని. తెర పలికేది కాదు. వదినకు సిగ్గు ఎక్కువ అనుకున్నాను.

ఒకసారి మధ్యాహ్నం భోజనం పెట్టినారు. చేపల పులుసు. రెండు ముద్దలు తిని, "ఇది నా చెయ్యి గదా అన్నా" అన్నాను. టెంకతో సహా మామిడికాయ వేసి, దించేముందర మెంతిపొడి చల్లేది మా అవ్వ ఒక్కతే, ఆమె తర్వాత నేను. "మీ సైటు చదివి కాచినారు" అన్నాడు. సంతోషించి ఇంకో రెండు ముద్దలు తిన్నాను. అంతే. బుర్ర అంతకంటే ముందుకు పోలేదు.

ఆదివారం కూడికకు పోయినాను. అంగడి ముందర షామియానా. ఆయన ఫోటో జిరాక్సు మిషను మీదే పెట్టినారు, కీబోర్డు మీద కర్చీపు అట్టనే ఉండాది. పాస్టరుగారు ప్రార్థన చేసినారు. పాటలు పాడినారు. జనం సగం పోయినాక వదిన నన్ను లోపలికి రమ్మని, మొదటిసారి ఆ తెర ఎత్తింది.

లోపల కుట్టు మిషన్లు రెండు ఉండాయి.

మూడేళ్ళు ఆ స్టూలు మీద కూర్చొని రెండు మిషన్ల చప్పుడు విన్నాను నేను. ఒక మనిషి ఒకేసారి రెండు మిషన్లు తొక్కలేదని నాకు తోచలేదు. ఏ ఏడు ఏ తుఫానుకు ఎవరి పడవ పోయిందో చెప్పే నాకు.

రెండో మిషను కాడ ఒక అమ్మాయి లేచి నిలబడింది. ముప్పై ఉంటాయేమో. చేతికి అవే గాజులు.

"ఈ పాపే వదినా" అనింది వదిన. "మీ పులుసు కింద రాసింది. ఆరోజు మీ అన్న మీ ఇంటికాణ్ణించి నేరుగా పోయి, మోపెడ్ మీద ఎక్కించుకొని తెచ్చినాడు. వాడు ఆ సాయంత్రమే వచ్చి, ఐసు ఫ్యాక్టరీ వీధంతా తిరిగినాడు. మన సందులోకి కూడా వచ్చి, మీ అన్నను అడ్రసు అడిగినాడు. ఈయన జిరాక్సు తీస్తా ఉండాడు. ఏం కావాల, ఎన్ని కాపీలు, అన్నాడంట."

తెరకు ఇవతల నేను, అవతల ఆ పిల్ల. మూడేళ్ళు. నేను టీ తాగి, ఆయన్ను ఆ పిల్ల గురించే అడిగి, అడగొద్దంటే అలిగి వచ్చేదాన్ని. ఆ అలగడం ఆ పిల్ల విని ఉంటుంది.

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

ఆ అమ్మాయే చెప్పింది. "మీరు మంచోళ్ళని చెప్పేవాడక్కా. మంచోళ్ళు ఏదీ దాచుకోలేరని కూడా చెప్పేవాడు."

అది తిట్టో పొగడ్తో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఫోన్ ఎత్తింది నువ్వేనా?"

"నేనే. పోయినేడు కోర్టు కాగితం వచ్చేసింది, వాడికీ నాకూ ఏమీ లేదు. సగం భయం పోయింది. మిగతా సగం ఉండాది. అందుకే ఎత్తుతా ఉండా. ఆ గొంతు మళ్ళీ వస్తే గుర్తుపట్టేది నేనే గదా." స్టూలు నా వైపు జరిపింది. "కూర్చోండి. ప్రకటనలోళ్ళు అందరికీ రాసినారు, మీ కాగితమూ మార్చాల గదా. నాకు నేర్పించినాడు. ఆయన చదివినట్టే చదువుతా, మీరు అవునంటేనే రాస్తా."

కూర్చున్నాను. ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి, యాభై ఏళ్ళ అలవాటు, నాలుక కొన మీదికి వచ్చేసింది ఆ ప్రశ్న. పళ్ళు బిగించి మింగినాను. గొంతులో చేపముల్లు దిగినట్టు దిగింది.

నేను మింగడం ఆ పిల్ల చూసింది. నవ్వలేదు. టీ తెచ్చింది, అల్లం దంచి వేసి.

ఇది రాసి సైటులో పెట్టేముందు, మా కోడలి చేత పైకి చదివించి ఆ అమ్మాయికి ఫోనులో వినిపించినాను. ఒక్కో వాక్యానికి ఆగి, ఇది ఉంచనా అని అడిగినాను. ఊళ్ళ పేర్లు మార్చమంది. మార్చినాను. కాబట్టి కోట బస్టాండు పక్క సందులో వెతకొద్దు, అక్కడ లేదు. అన్న పేరు వద్దంది, తీసేసినాను. నాకు బాగా నచ్చిన రెండు వాక్యాలు, ఆ పిల్లను గురించినవే, తుడిచేయమంది.

తుడిచేసినాను. అవేందో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుండాయి. చేపల దిబ్బ కాడ నిన్న ఇద్దరు అడిగినారు, ఏమక్కా కొత్త సంగతులు అని.

ఏమీ లేవమ్మా అన్నాను.